మూడో పెడలు

పెదకాకానిలో చలమయ్య ఇంటి వసారాలోంచి హైవే కనపడదు, వినపడుతుంది. రెండేళ్లుగా ఆయన చేస్తున్న ఉద్యోగం ఆ వినడమే. దూరాన లారీ చప్పుడు రాగానే అది లోడు బండో ఖాళీ బండో చెప్పేస్తాడు. అడిగేవాళ్లు లేకపోయినా చెప్తాడు. “గేరు దించాల్సిన చోట దించడు, ఇంజన్ని ఏడిపిస్తాడు, ఏం డ్రైవర్లురా నాయనా” అని ముక్కూ మొహం తెలియనివాణ్ని తిట్టుకుంటాడు. లోపల మిరపకాయల ముచ్చికలు తీసుకుంటున్న ఆయన భార్య రమణమ్మ, “వాడి బండి, వాడి ఏడుపు. నీకెందుకయ్యా” అంటుంది. దాంతో ఆ సంభాషణ అయిపోతుంది.

చలమయ్య ఒకప్పుడు సొంత లారీ ఉన్న మనిషి. గుంటూరు యార్డులో టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, ఎత్తుకున్నాడంటే ఇండోరు దాకా, ఢిల్లీ దాకా తనే తోలేవాడు. రెండో డ్రైవరుని పెట్టుకున్నా వాడి చేతికి స్టీరింగు ఇవ్వడానికి ప్రాణం ఒప్పేది కాదు. బండి నొసటన కూతురి పేరు ‘దీప్తి’ అని ఎర్రటి అక్షరాలతో రాయించాడు. ఊళ్లో వాళ్లు ఆయన్ని చలమయ్య అని కాక దీప్తి లారీ అనే పిలిచేవాళ్లు. ఒంట్లో షుగరు ఉందని తెలిసినా దాబాల్లో తీపి టీలు మానలేదు. ఎడమ పాదానికి చెప్పు కరిచి పుండు పడితే, లోడు దించి వచ్చాక చూద్దాంలే అనుకున్నాడు. చూసేసరికి ఆలస్యమైంది. మోకాలి కింద నుంచి కాలు తీసేశారు, లారీ ఆస్పత్రి ఖర్చుల్లో పోయింది. “కుడికాలు పోయుంటే బ్రేకు పోయేది, ఎడమది కాబట్టి క్లచ్చే పోయింది” అని ఆయనే ఒకసారి నవ్వించబోయాడు. ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

ఉచిత శిబిరంలో ఒక కృత్రిమ కాలు ఇచ్చారు. అది తొడుక్కుని మొదటిసారి సెంటర్లో టీకొట్టు దాకా వెళ్లినప్పుడు, నలుగురూ చూస్తుండగా బోర్లా పడ్డాడు. ఇద్దరు పరిగెత్తుకొచ్చి చంకల కింద చేతులేసి, బస్తాను లేపినట్టు లేపారు. అందులో ఒకడు ఒకప్పుడు ఆయన దగ్గర క్లీనరుగా చేసినవాడు. తగిలిన దెబ్బ చిన్నదే. కానీ చలమయ్య ఇంటికొచ్చి ఆ కాలు విప్పి, యూరియా సంచిలో పెట్టించి, అటక ఎక్కించాడు. అప్పటినుంచీ చంక కర్రలే గతి.

“వాడకుండా వదిలేస్తే మోకాలు బిగుసుకుపోతుంది. ఆ తర్వాత మీరు తొడుక్కుందామన్నా కుదరదు” అని డాక్టరు చెప్పనే చెప్పాడు. రమణమ్మ బతిమాలింది, తిట్టింది, గుళ్లో శివయ్యకు మొక్కుకుంది. అన్నిటికీ చలమయ్య ఒకటే మాట, రేపు చూద్దాంలే అని. ఆ రేపు వచ్చింది లేదు. రెండు చేతులూ కర్రలకే సరిపోయే మనిషికి మంచినీళ్ల గ్లాసైనా ఇంకొకళ్లు తెచ్చివ్వాలి. కాలు పోవడం కన్నా ఆయనకి చేదుగా ఉండేది అదే. దాహమేసినా అడక్కుండా కూర్చునేవాడు. రమణమ్మే కనిపెట్టి తెచ్చేది.

ఒక సాయంత్రం ఆయన ఫోనులో ఏదో వీడియో చూస్తున్నాడు. ఎవరో మలయాళీ కుర్రాడు కంప్యూటర్లో లారీ తోలే ఆట ఆడుతూ ఘాట్ రోడ్డు దిగుతున్నాడు. మలుపు వచ్చినప్పుడల్లా చలమయ్య కుడికాలు నేలమీద బ్రేకు నొక్కుతోంది. ఎడమ మోకాలు కూడా కదులుతోంది, కింద పాదం ఉన్నట్టే. తలెత్తేసరికి కూతురు దీప్తి గుమ్మంలో నిలబడి ఆ మోకాలి వంకే చూస్తోంది. కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో బిల్లులు కొట్టే పిల్ల, ఎప్పుడొచ్చి నిలబడిందో తెలీదు. ఆయన గబుక్కున లుంగీ సర్దుకున్నాడు.

వారం తిరక్కుండా దీప్తి ప్రకటించేసింది. “నాన్నా, మనం గేమింగ్ కంప్యూటరు కొంటన్నాం. స్కూటీకని దాచిన డబ్బులున్నయ్, అరవై వేలు. అది దాటితే మాత్రం నా వల్ల కాదు.”

“పిచ్చెక్కిందా ఏందే నీకు?” అంది రమణమ్మ. “మీ నాన్నది ఆడుకునే వయసా?”

“ఆడుకోడానిక్కాదమ్మా. తోలుకోడానికి.”

వద్దని చెప్పడానికి చలమయ్య నోరు తెరిచాడు. ఆడపిల్ల డబ్బుతో తండ్రి ఆటలాడటమేమిటని గట్టిగా ఒక కేక వేయాల్సింది. కానీ ఆ తోలుకోవడం అనే మాట చెవిన పడ్డాక కేక సంగతే మర్చిపోయాడు. తల గోక్కుని, “ఎప్పుడెళ్దాం?” అన్నాడు.

గుంటూరులో నాగేంద్రబాబు అనే అతని కంప్యూటరు షాపుకి ఆటోలో వెళ్లారు. అతను దీప్తికి కాలేజీలో సీనియరు, మర్యాదస్తుడు. చలమయ్యకి కుర్చీ వేసి, ఒక్కో సామానూ బల్లమీద పెట్టి, లారీ మనిషికి అర్థమయ్యేలా చెప్పుకొచ్చాడు. “ఇది ప్రాసెసరు, అంటే ఇంజనన్నమాట బాబాయ్. ఇది మదర్‌బోర్డు, చాసిస్ అనుకోండి. ఈ గ్రాఫిక్స్ కార్డేమో ముందు అద్దం. ఇది ఎంత మంచిదైతే మీకు రోడ్డు అంత బాగా కనపడుద్ది.”

చలమయ్య అన్నిటినీ చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. ఆటోనగర్‌లో స్పేరు పార్టులు కొన్న అలవాటు అది. బరువున్నది అసలుది, తేలికైంది డూప్లికేటు. ఆ లెక్కన గోరంత ఉన్న ప్రాసెసరుని పక్కకి నెట్టేసి, “దీనికింత రేటా? ఇంకాస్త దిట్టమైంది చూపించు బాబూ” అన్నాడు. నాగేంద్రబాబు నవ్వు ఆపుకోలేకపోయాడు. దీప్తి తల పట్టుకుంది. ఆ తప్పు పవర్ సప్లై దగ్గర మాత్రం కలిసొచ్చింది. రెండు డబ్బాల్లో బరువైనదే మంచిదని నాగేంద్రబాబు కూడా ఒప్పుకున్నాడు. దాంతో చలమయ్యకి పోయిన పరువంతా తిరిగొచ్చినట్టయింది.

లెక్క అరవై వేలు దాటేసరికి ముందు మానిటరు తీసేశారు, ఇంట్లో టీవీ ఉందిగా అని. టీవీ రమణమ్మదని, సాయంత్రం సీరియళ్ల సంగతి ఆమెని అడగాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. కరెంటు పోయినా నడిపించే యూపీఎస్ కూడా తీసేశారు. అంతా సర్దుకునేసరికి స్టీరింగు మిగిలింది. నాగేంద్రబాబు రెండు రకాలు తెచ్చి పెట్టాడు. ఒకటి చక్రమూ రెండు పెడళ్లూ ఉన్నది. రెండోది పెద్ద చక్రం, గేరు రాడ్డు, మూడు పెడళ్లు. ధర రెట్టింపు.

“చిన్నది చాలు బాబాయ్” అన్నాడు నాగేంద్రబాబు. “ఆటలో ఆటోమేటిక్ అని పెట్టుకుంటే గేర్లు అయ్యే మారతయ్. మిగిలిన డబ్బులు గ్రాఫిక్స్ కార్డుకి పెడదాం. మీకెటూ క్లచ్ అక్కర్లేదు కదా.”

అతను మంచికే అన్నాడు. అంటున్నప్పుడు చలమయ్య కాలి వంక చూడకుండా గోడమీద క్యాలెండరు వంక చూశాడు కూడా. అయినా చలమయ్యకి ఆ మాట గుచ్చుకుంది. ఇక నీకిది అక్కర్లేదని ఈ రెండేళ్లలో ఎన్ని సామాన్లు ఇంట్లోంచి వెళ్లిపోయాయో ఆయనకి గుర్తే. లారీ వెళ్లింది, బూట్లు వెళ్లాయి, లైసెన్సు రెన్యూవలు చేయించే పని కూడా తప్పిపోయింది. ఆయన వంగి, పెద్ద స్టీరింగు తాలూకు ఎడమ పెడలుని అరచేత్తో నొక్కి వదిలాడు. అది బరువుగా దిగి, బరువుగానే లేచింది.

“మూడు పెడళ్లదే” అన్నాడు.

“నాన్నా, అది తీసుకుంటే గ్రాఫిక్స్ కార్డుకి డబ్బులు మిగలవు. బొమ్మ మసకమసగ్గా వస్తది.”

“మసకలో తోల్లేదా నేను? చలికాలం నాగపూర్ రోడ్డు మీద మంచు పడితే ముందు లారీ ఎర్రలైటు తప్ప ఏం కనపడదు. తోల్లా?”

“ఎవరు తొక్కుతారు నాన్నా ఆ క్లచ్చి?” అనేసింది దీప్తి. అనేసి నాలిక్కరుచుకుంది. చలమయ్య ఆ పెడలునే మళ్లీ నొక్కి చూశాడు.

గ్రాఫిక్స్ కార్డు తీసేసినా ఇంకా మూడు వేలు తక్కువొచ్చాయి. మిగిలింది క్యాబినెట్ ఒక్కటే, సామానంతా బిగించే ఇనప పెట్టె. చలమయ్యకి అప్పుడు చాసిస్ గుర్తొచ్చింది. ఆ రోజుల్లో కొత్త లారీ అంటే క్యాబిన్ కూడా లేని చాసిస్సే. డ్రైవరు కొయ్యపెట్టె మీద కూర్చుని, తలకి తువ్వాలు చుట్టుకుని, ఎండలో గాలికి ఎదురుగా తోలుకుంటూ బాడీ కట్టే షెడ్డుకి తెచ్చుకునేవాడు. నోట్లోకి దుమ్ము, కళ్లలోకి పురుగులు. బతుకులో అంత సంతోషమైన ప్రయాణం చలమయ్య ఇంకొకటి చేయలేదు.

“పెట్టె వద్దు” అన్నాడు. “చాసిస్ మీదే తోలుదాం. బాడీ నిదానంగా కట్టించుకోవచ్చు.”

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో దీప్తి మొహం అటు తిప్పుకుని కూర్చుంది. స్కూటీ మానుకుని కొన్న కంప్యూటరు, నాన్న పంతం వల్ల కుంటిదైపోయిందని ఆమె కోపం. ఆ కోపం న్యాయమైనదేనని చలమయ్యకీ తెలుసు. కానీ తన ఆలోచన బయటికి చెప్తే, చెప్పి మళ్లీ బోర్లా పడితే? అందుకని పెడళ్ల డబ్బా ఒళ్లో పెట్టుకుని రోడ్డు చూస్తూ కూర్చున్నాడు.

ఆదివారం పొద్దున దీప్తి ముందుగదిలో ఒక చెక్కమీద బోర్డు బిగించి, తీగలన్నీ కలిపి, టీవీకి తగిలించింది. రమణమ్మ సీరియళ్ల సంగతి తేలాక కాసేపు మూతి ముడుచుకుంది గానీ, నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ దారానికి గుచ్చి తెచ్చి స్టీరింగు బల్లకి తనే కట్టింది. పెడళ్లు బల్ల కింద పెట్టారు. చలమయ్య కుర్చీలో కూర్చున్నాడు. దీప్తి తెరమీద ఆటోమేటిక్ అని నొక్కబోతుంటే, “ఆగమ్మా” అన్నాడు. “ఆ అటక మీద సంచి దించు.”

తల్లీ కూతురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏ సంచని ఎవరూ అడగలేదు. దీప్తి స్టూలు కూడా వేసుకోకుండా తలుపు గడియ మీద కాలేసి ఎగబాకింది.

రెండేళ్ల దుమ్ము దులిపి, మేజోడు తొడిగి, పట్టీలు బిగించుకునేసరికే ఆయనకి చెమటలు పట్టాయి. బిగుసుకుపోయిన మోకాలు వంగనని మొరాయించింది. క్లచ్ మీద పెట్టిన పాదం జర్రున జారిపోయింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ జారింది. లారీ వాళ్ల దగ్గర అన్ని జబ్బులకీ ఒకటే మందు, పాత ట్యూబు రబ్బరు. దాన్ని పట్టీలా కోయించి పాదాన్ని పెడలుకి కట్టించుకున్నాడు. అయినా తిప్పలు తీరలేదు. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో అరికాలికి తెలియాలి, ఆ అరికాలికి ప్రాణం లేదు. వదలగానే తెరమీద లారీ ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. మరోసారి ఆగిపోయింది. అదేపనిగా ఆగిపోయింది. ఇరవై ఆరేళ్లు తోలినవాడు గేటు దాటించలేక, నోటికొచ్చిన బూతులన్నీ ఆ బండిని తిట్టాడు. ఇంట్లో ఆ బూతులు విని ఎంతకాలమైందో! రమణమ్మకి అవి వినసొంపుగానే ఉన్నాయి.

చివరికి కళ్లు మూసుకున్నాడు. చెవులకి మాత్రం రెండేళ్లుగా సాధన ఉంది. ఇంజన్ గొంతు కాస్త దిగినచోట పాదం ఆపాడు, ఆపి మెల్లగా వదిలాడు. మసగ్గా ఉన్న తెరమీద మసక చెట్లు వెనక్కి నడిచాయి. బండి రోడ్డెక్కింది.

ఆ రోజునుంచి పొద్దునా సాయంత్రమూ బండి తీశాడు. కాలు రాపిడికి ఎర్రబడితే విప్పి నూనె రాసుకుని మళ్లీ తొడుక్కున్నాడు. అయితే ఒక సంగతి అటు కంప్యూటరు తెలిసిన దీప్తికీ తోచలేదు, ఇటు మిరప తెలిసిన రమణమ్మకీ తోచలేదు. పెట్టె లేని ఆ కంప్యూటరు ఫ్యాను తిరుగుతుంటే, అదే గదిలో రమణమ్మ ముచ్చికలు తీస్తున్న కాయల ఘాటంతా గిర్రున లేచి ఇల్లంతా కమ్మేసేది. చలమయ్య తుమ్ముతూ గేర్లు మార్చేవాడు. అవతలింటివాళ్లూ తుమ్మేవాళ్లు. కొన్నాళ్లకి ఫ్యాను నిండా ఎర్రటి పొడి పేరుకుని, కంప్యూటరు వేడెక్కి ఆగిపోయింది.

దీప్తి ఫ్యాను విప్పి బ్రష్షుతో తుడిచి బాగుచేసింది. మర్నాడు చలమయ్య కుర్చీలో కూర్చునేసరికి గదిలో మిరపకాయలు లేవు, రమణమ్మా లేదు. కిటికీలోంచి చూశాడు. వసారాలో చోటు చాలక, వాకిట్లో రేకు కింద టిక్కీ గుమ్మరించుకుని, కొంగు ముక్కుకి కట్టుకుని కూర్చుని ఉంది. పైన రేకు కాలుతోంది. ఆ ముచ్చికల కూలితోనే ఇల్లు గడుస్తోందని, అది తన కాలు పోయాక మొదలుపెట్టిన పనేనని చలమయ్యకి ఒకరు చెప్పాలా! తను ఫ్యాను కింద కూర్చుని బొమ్మ లారీ తోలడానికి ఆమె ఆ వేడిలో కూర్చుంది.

“రమణా, లోపలికి రా” అని కేకేశాడు.

“నీ బండి పాడైద్ది. తోలుకో నువ్వు” అంది ఆమె అక్కడి నుంచే.

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మాబు సాహెబుకి ఆయన ఫోను చేసింది అప్పుడే. తన బండికి బాడీ కట్టింది అతనే. కాలు పోయాక ఆ షెడ్డు వైపు చూడలేదు. ఎవరైనా జాలిగా చూస్తారేమోనని భయం. కొలతలు చెప్తాను, దుమ్ము చొరకుండా ముందు సన్న జాలీ కొట్టి ఒక పెట్టె చేసి పంపమన్నాడు.

“పంపేదేంటిరా?” అన్నాడు మాబు సాహెబు. “ఓనరు దగ్గర నిలబడకుండా నా షెడ్డులో ఏ బండికన్నా బాడీ లేచిందా? నువ్వొస్తేనే చెక్క కోస్తా. లేకపోతే లేదు.”

ఆ షెడ్డు పద్ధతి అదేనని చలమయ్యకి తెలుసు. బాడీ కట్టినన్నాళ్లూ ఓనరు అక్కడే ఉండాలి, మేకు మేకుకీ వంక పెట్టాలి. కాలు తొడుక్కున్నాడు, కర్రలు తీసుకున్నాడు, ఆటో పిలిపించాడు. షెడ్డులో ఆయన కోసం కుర్చీ ఎవరూ వేయలేదు. “చెక్క పలచగా ఉంది” అని ఈయనంటే “నీ బుర్ర పలచన” అని అతనన్నాడు. ఇద్దరూ గొంతులు చించుకున్నారు. సాయంత్రానికి పెట్టె లేచింది. పాత పెయింటరే వచ్చి నొసటన ఎర్రగా ‘దీప్తి’ అని రాశాడు. జాలిపడటానికి అక్కడ ఎవరికీ తీరిక దొరకలేదు.

పెట్టె వచ్చాక చలమయ్య రమణమ్మని లోపలికి రమ్మన్నాడు. ఆమె వినలేదు. జాలీ సంగతి తనకి నమ్మకం లేదంది. ఈ టిక్కీలైపోనీ చూద్దామంది. మాటకి మాట పెంచినా లాభం లేకపోయింది.

ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం ఆయన లోడుతో ఘాట్ రోడ్డు ఎక్కుతున్నాడు. రబ్బరు పట్టీ విప్పేసి చాలా రోజులైంది, పాదం ఇప్పుడు జారడం లేదు. ఆఖరి మలుపులో కరెంటు పోయింది. టీవీ నల్లబడింది, ఫ్యాను ఆగింది. “చచ్చింది పో” అని విసుక్కుని కిటికీలోంచి బయటికి చూశాడు. రేకు కింద రమణమ్మ మొహం కందిపోయి ఉంది. పక్కన పెట్టుకున్న చెంబు ఒట్టిదై బోర్లించి ఉంది. దాహమేసినా లేచే తీరిక లేనట్టు గబగబా ముచ్చికలు తుంచుతోంది.

చలమయ్య లేచాడు. వంటింట్లోకి వెళ్లి కుండలోంచి గ్లాసు నిండా నీళ్లు ముంచాడు. ముందుగది దాటాడు, వసారా దాటాడు. వాకిలి మెట్టు దిగాక గాని ఆయనకి తట్టలేదు, చంకల్లో కర్రలు లేవని. అవి ఇంకా కుర్చీకే ఆనించి ఉన్నాయి. గ్లాసులో నీళ్లు కొద్దిగా తొణికాయి. మిగిలిన నాలుగడుగులూ చూసుకుంటూ వేశాడు.

“ఇదిగో, తాగు” అన్నాడు.

రమణమ్మ తలెత్తింది. గ్లాసు వంక చూసింది, ఆయన చేతి వంక చూసింది, చివరికి పాదాల వంక చూసింది. కళ్లనిండా నీళ్లు వచ్చి చెంపల మీదకి కారిపోయాయి. తుడుచుకోవడానికి చెయ్యెత్తి మధ్యలోనే ఆపేసింది. ఆ చేతుల నిండా మిరప కారం.

చలమయ్య నెమ్మదిగా వంగి, భుజం మీద తువ్వాలుతో ఆమె కళ్లు తుడిచాడు. తర్వాత గ్లాసు తనే పట్టుకుని తాగించాడు.